నాగప్ప, బీదర్, మూడో స్థానం

పేరు నాగప్ప. తండ్రి పేరు శరణప్ప. తల్లి పేరు బాలవ్వ. పుట్టిన తేదీ జూన్ ఒకటి. అది బడిలో చేర్చుకున్న పంతులు వేసిన తేదీ, ఆ ఊళ్లో సగం మంది అదే రోజు పుట్టారు. పాన్ కార్డులో చివర ఏడు, రెండు, ఒకటి, ఆ పైన కె. జలంధర్ చాప మీద వెల్లకిలా పడుకుని, కళ్లు మూసుకుని, పెదవులు కదలకుండా ఒక్కో జవాబూ అప్పజెప్పుకుంటున్నాడు. ఎక్కడా తడబడకూడదు. తడబడితే ఆరు లక్షల డెబ్బై రెండు వేల రూపాయలు పోతాయి. పన్నెండుకూ ఒంటిగంటకూ మధ్య బెంగుళూరు నుంచి ఫోన్ వస్తుంది, మీరేనా నాగప్ప గారు అని అడుగుతారు, నేనే అనాలి. అంతే పని. సిమెంటు మూటలు మోసిన వాడికి ఇదొక బరువా అని తనకు తాను చెప్పుకున్నాడు గానీ, పొద్దుటి నుంచి నోట్లో తడి లేదు. చొక్కా లోపల, గుండెల మీద పెట్టుకున్న ఫోన్ అతనిది కాదు. అది నాగప్పది. నాగప్ప పోయి ఇవాళ్టికి నలభై ఒక్క రోజు.

సైటు దగ్గర విశ్రాంతికి వేసిన క్యాబిన్‌లో అరవై మంది అడ్డదిడ్డంగా పడి నిద్రపోతున్నారు. ఏసీ రొద తప్ప ఇంకో చప్పుడు లేదు. పదకొండున్నర నుంచి మూడు దాకా ఎండలో పని చేయించకూడదని ఇక్కడి నియమం, జూన్ పదిహేను నుంచి ఆగస్టు చివరి దాకా. బయట అల్ తుమామా రోడ్డును నిలువునా చీల్చి మురుగు పైపులు వేస్తున్నారు. ఇంకో మూడేళ్లకు ఫుట్‌బాల్ ప్రపంచకప్పు, ఆలోపు దోహానంతా ఒకసారి తవ్వి మళ్లీ పూడ్చితే గానీ ఆటగాళ్లకు బంతి ఆడబుద్ధి కాదేమో! పక్కన, క్యాంపులో ఒకే గదిలో ఉండే చిరంజీవి నోరు తెరుచుకుని పడుకున్నాడు. జలంధర్ కళ్లు తెరిచి అతని కడుపు వైపు చూశాడు. పైకి లేస్తోంది, కిందికి దిగుతోంది. సరే. పడుకున్న మనిషి ఎవరైనా ఈ మధ్య అతను ముందు కడుపే చూస్తాడు. ఆ రోజు చూడలేదు. బిర్కత్ అల్ అవామిర్ క్యాంపులో తెల్లవారుజామున బస్సు హారన్ కొడుతుంటే, కింది మంచం మీద నాగప్ప భుజం పట్టి ఊపాడు. “అన్నా, లెవ్వు, బస్సొచ్చింది.” రెండోసారి గట్టిగా ఊపాడు, తిట్టాడు కూడా. ఏమని తిట్టాడో గుర్తుంది, అది ఎవరికీ చెప్పలేదు. భుజం చల్లగా ఉందని ఏసీ మీద తోశాడు. జూన్ పదకొండు. ఎండ నియమం మొదలు కావడానికి ఇంకా నాలుగు రోజులున్నాయి; ఎండ మాత్రం కేలెండరు చూసుకుని రాలేదు. కాగితంలో సహజ మరణం అని రాశారు. నలభై ఒక్కేళ్ల మనిషి పోవడంలో సహజం ఏమిటని అడగడానికి వాళ్లలో ఎవరికీ సరిపడా భాష లేదు, ఉన్నవాళ్లు అడగలేదు.

టైమ్ పదకొండు యాభై ఎనిమిది. ఫోన్‌లో ఆడిన పేకాట పోటీ ఫలితాల పట్టిక మరోసారి చూద్దామా అనుకుని, బ్యాటరీ తగ్గుతుందని మానుకున్నాడు. చూడాల్సిన పని లేదు, కంఠస్థం. ఆడినవాళ్లు నాలుగు వేల పై చిలుకు, డబ్బు దక్కింది నాలుగు వందల పన్నెండు మందికి. నాలుగు వందల పన్నెండో వాడికి తొమ్మిది వందలు, పాపం, గంటల తరబడి కూర్చున్నందుకు టీ ఖర్చులు. అక్కడి నుంచి పైకి ఎక్కుతూ పోతే వేలు, పదివేలు, లక్ష, మొదటి స్థానంలో సూరత్ మనిషి, రెండో స్థానంలో ఇండోర్ మనిషి, ఆ కింద నల్లటి అక్షరాల్లో: నాగప్ప, బీదర్, తొమ్మిది లక్షల అరవై వేలు. పన్ను పోను ఆరు డెబ్బై రెండు. శనివారం పొద్దున ఆ వరస చూసినప్పుడు జలంధర్‌కు ఎగిరి గంతేయాలనిపించింది, మరుక్షణమే క్యాంపు బాత్రూములోకి పోయి గొళ్లెం పెట్టుకున్నాడు. ఎవరితో చెప్పుకుంటాడు? ఈ దేశంలో జూదమంటే జైలు, ఆ తరువాత విమానం. క్యాంపులో చెప్పుకుంటే, పోయినవాడి పేరు మీద ఆడతావురా అని ఉమ్మేస్తారు. దొంగకు తేలు కుట్టినట్టయింది. కుట్టింది బంగారు తేలైనా సరే, నోరు మూసుకోవాల్సిందే. శుక్రవారం సెలవు కదా, పొద్దున మొదలుపెట్టి సాయంత్రం దాకా దుప్పటి కింద ఆడాడు. చివరి ముగ్గురిలోకి వచ్చాక అతని చేతిలో రెండు తొమ్మిదులు ఉన్నాయి, మూడో తొమ్మిది వస్తే తిరుగులేదు, రాలేదు. వచ్చి ఉంటే మొదటి స్థానమే. ఆ రాని తొమ్మిది మీద బాధపడ్డంత సేపు నాగప్ప గుర్తు రాలేదు. అది తలుచుకుంటే ఇప్పుడు సిగ్గుగా ఉంది.

సొంత పేరు మీద ఎందుకు ఆడలేదంటే, తెలంగాణలో ఇలాంటి ఆటలు బంద్ పెట్టారు. జగిత్యాల అడ్రసు కొడితే యాప్ లోపలికే రానివ్వదు. గదిలో కర్ణాటక వాడు నాగప్ప ఒక్కడే. బీదర్ జిల్లా అన్న మాటే గానీ ఇంట్లో మాట్లాడేది తెలుగే, తినేది జొన్నరొట్టే. జలంధర్ అడిగితే మూడు రోజులు ఆలోచించాడు. అతని తండ్రి శరణప్ప ఎడ్లజత పత్తాలాటలో, అంటే పేకాటలో, పోగొట్టి, ఖాళీ బండిని తానే లాక్కుంటూ ఇంటికొచ్చాడట. అప్పటి నుంచి బాలవ్వ ఇంట్లో పత్తాల మాటే ఎత్తనివ్వలేదు. “పేరు ఇస్త గని చెయ్యి ఇయ్య తమ్మీ” అన్నాడు చివరికి. పాన్ కార్డు ఇచ్చాడు, కెమెరా ముందు ముఖం పెట్టాడు, కరువు పని కూలీ కోసం ఎప్పుడో తెరిచి మరిచిపోయిన బ్యాంకు ఖాతా ఇచ్చాడు. ఓటీపీ వచ్చినప్పుడల్లా తన టచ్ ఫోన్ జలంధర్ చేతికిచ్చి గోడవైపు తిరిగి పడుకునేవాడు. ముక్కలు కూడా చూడనని. ఎప్పుడైనా నాలుగు డబ్బులు వస్తే జలంధర్ శుక్రవారం కోడి తెచ్చేవాడు, ఆ కోడి మాత్రం తినేవాడు. చచ్చినవాడి కళ్లు చారెడు అంటారు, పోయాక అందరూ మంచివాళ్లే అవుతారు. కానీ నాగప్ప బతికుండగానే మంచివాడు. అదే ఇప్పుడు వచ్చిన చిక్కు.

పన్నెండు దాటి నాలుగు నిమిషాలు. తల్లి పేరు బాలవ్వ. బాలవ్వకు కొడుకు పోయిన సంగతి శవం వచ్చేదాకా చెప్పలేదట, పన్నెండు రోజులు. ఆ పన్నెండు రోజులూ ఆమె అందరినీ, నాగడు ఫోన్ చేయడం లేదేమే అని అడుగుతూ ఉందట. నాగప్పకు వీడియో కాల్ అంటే బెరుకు, ఎదురుగా మనిషి కదులుతుంటే మాట రాదు. అందుకని భార్య మాలతికి మాటలు రికార్డు చేసి పంపేవాడు. తువ్వాలు తల మీద కప్పుకుని, గోడకు ముఖం పెట్టి, గుసగుసగా. “రేడియో స్టేషన్ షురూ అయింది” అని చిరంజీవి ఏడిపించేవాడు. ఒకటి పంపడానికి ఐదు రికార్డు చేసేవాడు. గొంతు బాగా రాలేదనో, దగ్గు వచ్చిందనో, మధ్యలో ఎవరో లైటు వేశారనో. పంపనివన్నీ ఫోన్‌లోనే ఉన్నాయి, మూడేళ్లవి. నెల కింద ఓటీపీ కోసం ఫోన్ తెరిచినప్పుడు జలంధర్ ఒకటి నొక్కాడు. “మాలతీ, ఇయ్యాల ఆలుగడ్డ కూర చేసిన, నీ లెక్క రాలె, ఉప్పెక్కువైంది, గదిల ఎవ్వడు ఏమనకుంట తిన్నరు...” ఆ తరువాత కాసేపు ఏమీ లేదు. “ఛ, ఇది బాగలేదు” అని తనలో తాను అనుకోవడం, టక్కున ఆగిపోవడం. జలంధర్ ఆ కూర తిన్నాడు. ఉప్పు నిజంగానే ఎక్కువైంది. రెండోది నొక్కలేకపోయాడు. నొక్కలేకపోయాడు గానీ ఆ రోజు కూడా ఆడాడు, ఓడాడు, ఫోన్ ఆపేసి దిండు గలీబులో దాచాడు.

దాచడం దగ్గరే అంతా మొదలైంది. నాగప్ప పోయిన రోజు సాయంత్రం క్యాంపు సూపర్‌వైజర్ రఫీయుద్దీన్ భాయ్ వచ్చి, “జలంధర్, నీ చేరాత మంచిగుంటది, సామాన్ లిస్టు నువ్వే రాయ్” అన్నాడు. కరీంనగర్ మనిషి, మంచివాడే, కళ్లు ఎర్రగా ఉన్నాయి. జలంధర్ రాశాడు. దుప్పటి ఒకటి. పాలపొడి డబ్బాలు రెండు. జండూబామ్ ఆరు. అత్తరు సీసాలు రెండు. ఆడపిల్ల గౌను ఒకటి, ధర చీటీతో సహా. చేతి గడియారం. బటన్ ఫోన్ ఒకటి. అందరూ సంతకాలు పెట్టారు. రాసినదాంట్లో అబద్ధం లేదు, పెట్టెలో ఉన్న ఫోన్ ఒకటే. టచ్ ఫోన్ అప్పటికే అతని దిండు కింద ఉంది. ఎందుకు తీశావు అంటే ఆ క్షణంలో తెలియదు. తెలియదు అనేది కూడా అబద్ధమే. మే నెలలో చిన్న ఆటలో గెలిచి ఈ పెద్ద ఆటకు టికెట్ సంపాదించాడు, ఆ టికెట్ ఆ నంబరు మీద ఉంది, ఆ నంబరు ఆ ఫోన్‌లో ఉంది. శవం ఇంకా ఆస్పత్రి గదిలో ఉండగానే అతనికి టికెట్ గుర్తొచ్చింది.

ఆ సామాన్ల పెట్టె ఊరు చేరాక మాలతి జలంధర్‌కు ఫోన్ చేసింది, ఎవరి ఫోన్ నుంచో. ఆమె ఫోన్‌కు రీఛార్జ్ వేసేది నాగప్పే, ఇక్కడి నుంచి. వేసేవాడు పోయాక అది మూగదైంది. ముందు ఏమీ అడగలేదు, బాలవ్వ తిండి మానేసిందని, పిల్ల గౌను సరిపోయిందని చెప్పింది. ఆ తరువాత, “తమ్మీ, టచ్ ఫోన్ రాలె పెట్టెల” అంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆమె మాట పూర్తి కాకముందే జలంధర్ అందుకున్నాడు. “అది సైట్ల వడి పలిగింది వదినా, అన్ననే పారేసిండు.” “ముందురోజు గూడ మెసేజ్ పంపిండు గదా” అంది, నిలదీసినట్టు కాదు, తనకే ఏదో లెక్క తప్పినట్టు. “ఒకటి పంపనీకి ఐదు జేస్తనని చెప్పేటోడు. కడమ నాలుగు అన్లనె ఉంటయి గదా తమ్మీ. ఎక్కడన్న దొరికితె జెప్పు.” చెప్తా వదినా అన్నాడు. ఆ రోజు డ్యూటీలో పలుగు కాలి మీద వేసుకున్నాడు, గోరు ఊడింది. పాపం తగిలిందనుకుని కొంచెం తేలికపడ్డాడు కూడా. ఒక్క గోరుతో తీరిపోతే ఎంత బాగుండు!

పన్నెండు పదిహేను. తండ్రి శరణప్ప, తల్లి బాలవ్వ. అసలు ఇందులో తప్పేముంది? ఆట తనది, కూర్చున్నది తను, టికెట్ గెలిచింది అన్న బతికుండగా. పేరు ఒక్కటే అతనిది, పేరు అరిగిపోతుందా? ఊళ్లో తన భార్య పుష్ప ఈ ఐదేళ్లూ బీడీలు చుడుతూనే ఉంది, వేళ్ల చివర నల్లబడిపోయాయి. “ఇగ దుబాయ్ చాలు, రా, ఏదన్న జేస్కొని బతుకుదం” అంటుంది, ఖతర్ అని ఎన్నిసార్లు చెప్పినా ఆమెకు అది దుబాయే. వరినాట్లు వేసే యంత్రం ఒకటి తెచ్చుకుంటే చుట్టుపక్కల నాలుగు ఊళ్లు తిరిగి కిరాయికి నడపొచ్చు. ధర కనుక్కున్నాడు. ఈ డబ్బుతో యంత్రం వస్తుంది, వీసాకు చేసిన అప్పు తీరుతుంది, ఇంకెప్పుడూ ఈ చాప మీద పడుకోనక్కర్లేదు, పక్కవాడి కడుపు కదులుతోందా అని చూడనక్కర్లేదు. కొడుకు మూడు నెలల పసిగుడ్డుగా ఉన్నప్పుడు చూశాడు. ఇప్పుడు వాడు ఫోన్‌లో, నువ్వెప్పుడు ఫోన్ల నుంచి బయటకొస్తవు అని అడుగుతున్నాడు. సోమవారం ఒక మంచి మాట చెప్తానని పుష్పకు మాటిచ్చాడు. మాలతికి ఏమీ ఇవ్వనని కాదు. క్యాంపులో అందరం చందా వేశామని చెప్పి పంపాలని శనివారమే అనుకున్నాడు, రెండు లక్షలు. ఆదివారానికి అది లక్ష అయింది. ఇవాళ పొద్దున బస్సులో, మరీ లక్ష చందా అంటే ఎవరు నమ్ముతారు, యాభై వేలు చాలు అనిపించింది. ఇంకో రెండు రోజులు ఆగితే ఎంత మిగులుతుందో తనకే భయమేసింది.

ఒకవేళ ఫోన్ ఎత్తకపోతే? బెంగుళూరులోని యాప్ వాళ్లు ఈమెయిల్‌లో రాశారు. ఆ గంటలో అందకపోతే చెల్లింపు ఆపేస్తారు, మళ్లీ వీడియోలో ముఖం చూపించాలి. చూపించాల్సిన ముఖాన్ని లింగాయతుల శ్మశానంలో కూర్చోబెట్టి మట్టి చేశారు. కాబట్టి ఎత్తాలి. గొంతు కొంచెం లావు చేసి, తొందరపడకుండా, నాగప్ప మాట్లాడినట్టు ఒక్కో మాటా ఆచితూచి. నాగప్ప ఎట్లా మాట్లాడేవాడు? హలో అన్నాక కాసేపు ఆగేవాడు, అవతలివాళ్లు నిజంగా ఉన్నారా అని చూసుకున్నట్టు. అట్లాగే ఆగాలి. జలంధర్ లేచి, పడుకున్నవాళ్ల కాళ్లు తప్పించుకుంటూ తలుపు దాకా వచ్చి, బయట నీళ్ల డ్రమ్ముల పక్కన రేకు నీడలో కూర్చున్నాడు. ఎండ కళ్లలో గుచ్చుతోంది. ఏ శబ్దమూ లేదు, క్రేన్లు కూడా ఆగిపోయి ఉన్నాయి.

పన్నెండు ఇరవై ఆరుకు ఫోన్ మోగింది. ఇండియా నంబరు, పేరు లేదు. జలంధర్ గొంతు సవరించుకుని, పచ్చ గుర్తు జరిపి, చెవి దగ్గర పెట్టుకుని, “హలో” అన్నాడు. ఆగాడు. “నాగప్పను మాట్లాడుతున్న.”

అవతల ఊపిరి చప్పుడు. ఎవరూ అభినందనలు చెప్పలేదు, పుట్టిన తేదీ అడగలేదు. ఎక్కడో కోడి కూసింది. అప్పుడు ఒక ఆడగొంతు, చాలా చిన్నగా, ఎవరూ లేపకుండానే నిద్రలోంచి లేచినట్టు అడిగింది:

“ఎప్పుడొస్తవు?”

జలంధర్ ఆ గొంతు గుర్తుపట్టాడు. మాలతి. కళ్లతో చూసి, చేత్తో మట్టి వేసి, నలభై రోజులు ఏడ్చిన మనిషి, ఒక్క పేరు వినపడగానే అన్నీ మరిచిపోయి అడిగిన మాట అది. రాంగ్ నంబర్ అని కట్ చేయొచ్చు. కట్ చేస్తే బెంగుళూరు వాళ్లు దొరుకుతారు. వేలు ఎర్ర గుర్తు దాకా వెళ్లింది. కానీ కట్ చేస్తే ఆమె ఏమనుకుంటుంది, బతికే ఉన్నాడనా, దయ్యమనా, పిచ్చెక్కిందనా? ఆ మాటకు జవాబు ఆమె ఎన్నాళ్లు వెతుక్కుంటుంది? తనంత నీచుడు ఈ ఎడారిలో ఇంకొకడు ఉండడనిపించింది జలంధర్‌కు.

“వదినా,” అన్నాడు సొంత గొంతుతో. “నేను. జలంధర్‌ను.”

ఆగితే మళ్లీ అబద్ధమే వస్తుందని గబగబా చెప్పుకుపోయాడు.

“ఫోన్ పలగలె వదినా. అన్న పారెయ్యలె. నేనే దాసిన. పత్తాలాట కోసం. అన్న పేరు మీద నేను ఆడిన, అన్న ఎన్నడు ముట్టలె, ఒట్టు, ముక్క గూడ సూడలె. పైసలు గెలిసిన. ఎవలన్న మీ ఆయన ఆడిండు అంటె నమ్మకు. అంతా నేనే.”

“రోజు చేస్తున్న,” అంది మాలతి. పైసల మాట ఆమె విన్నట్టే లేదు. “పక్కింటోళ్ల ఫోన్ అడుక్కొని రోజు చేస్తున్న. బంద్ ఉన్నదంటది. ఇయ్యాల మోగింది.” ఆ తరువాత మెల్లగా, “ఒక్క ఘడియ ఆయననే అనుకున్న తమ్మీ.”

చెవిలో టక్, టక్ అని మొదలైంది. జలంధర్ ఫోన్ దూరం పెట్టి చూశాడు. రెండో కాల్, బెంగుళూరు నంబరు. తెర మీద రెండు గుర్తులు: ఈ కాల్ ఆపి దాన్ని ఎత్తు, లేదా దాన్ని వదిలెయ్. పన్నెండు ఇరవై తొమ్మిది. ఒక్క నిమిషం వదినా అంటే చాలు. ఒక్క నిమిషమే. తండ్రి శరణప్ప, తల్లి బాలవ్వ, అన్నీ నాలుక చివరే ఉన్నాయి. ఫోన్ మళ్లీ చెవి దగ్గరికి తెచ్చాడు.

“అన్ల ఆయన మాటలున్నయా?” అని అడుగుతోంది మాలతి.

“ఉన్నయి వదినా.”

“ఎన్నుంటయి?”

“మస్తున్నయి. పొద్దంత ఇన్నా ఒడువయి.”

ఆమె ఏడవడం మొదలుపెట్టింది. పెద్దగా కాదు, పక్కింటివాళ్ల ఫోన్ కదా, వాళ్లకు వినపడకుండా. టక్, టక్ ఆగలేదు. “అన్నీ పంపుత,” అన్నాడు జలంధర్, “ఇయ్యాలనె పంపుత, ఒక్కటి గూడ ఉంచుకోను. ఫోన్ గూడ ఎవలన్న పోతుంటె...”

“పెట్టకు తమ్మీ,” అంది ఆమె, భయంగా. “ఫోన్ పెట్టకు. పెడితె మల్ల బంద్ చేస్తవు.”

“పెట్టను వదినా,” అన్నాడు.

టక్కుమనే చప్పుడు ఇంకా రెండుసార్లు వచ్చి ఆగిపోయింది. మళ్లీ రాలేదు. జలంధర్ రేకుకు వీపు ఆనించి, రెండు చేతులతో ఫోన్ చెవికి అదిమి పట్టుకుని, మూడింటికి పని గంట కొట్టేదాకా ఆమె చెప్పేది వింటూనే కూర్చున్నాడు.